కర్నూలు ఎండలో కడలి గుర్రం



కర్నూలులోనో కడపలోనో డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవాళ్లను సముద్రపు గుర్రాన్ని చూశారా అని అడిగితే, చాలామంది చూశామనే అంటారు. ప్రాక్టికల్ పరీక్ష రోజున బల్ల మీద వరసగా పెట్టిన గాజు సీసాల్లో అదీ ఒకటి. ఫార్మలిన్‌లో ఏళ్ల తరబడి నాని రంగు వెలిసిపోయి, తోక చుట్టుకుని, తల వంచుకుని ఉంటుంది. సీసా మీద ఒక నంబరు చీటీ. విద్యార్థి హిప్పోకాంపస్ అని పేరు రాసి, గబగబా బొమ్మ గీసి, రెండు లక్షణాలు గుర్తుచేసుకునేలోపే గంట మోగుతుంది. పక్క సీసాకు జరగాలి. ఆ రెండింట్లో ఒకటి మాత్రం తప్పిన విద్యార్థికి కూడా గుర్తుంటుంది. పిల్లల్ని కడుపులో మోసేది మగది.

సీసాలో చూసినదాన్ని నీళ్లలో ప్రాణంతో చూడాలనిపించడం సహజమే. ఇప్పుడైతే చేతిలో ఫోను, ఫోనులో ఎక్కడెక్కడి వీడియోలో. నీలి వెలుగులో ఒక అద్దాల తొట్టి, అందులో రెండు పసుపు గుర్రాలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలువుగా ఈదుతుంటాయి. అది చూసిన పిల్లవాడు నాన్నను వెంటబెట్టుకుని రంగు చేపల దుకాణానికి వెళ్తాడు. రాయలసీమలో ఏ ఊళ్లోనైనా అక్కడ జరిగే సంభాషణ దాదాపు ఇదే.

“అన్నా, గుర్రం చేప ఉందా?”

“అది యాడ దొరుకుతాది సామీ? దొరికినా అమ్మితే నన్ను పట్టుకపోతారు. గోల్డుఫిష్ తీసుకోప్పా.”

దుకాణదారు బేరం తప్పించుకోవడానికి చెప్పిన మాట కాదది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. పులులూ ఏనుగులూ ఉన్న మొదటి షెడ్యూలులోకి 2001లో సముద్రపు గుర్రాలను కూడా చేర్చారు. వాటితోపాటు ఆ కుటుంబంలోవే అయిన సన్నటి పైప్‌ఫిష్‌లూ చేరాయి. 2022 సవరణతో షెడ్యూళ్ల అమరిక మారింది కానీ రక్షణ పోలేదు. అంటే మన దేశంలో సముద్రపు గుర్రాన్ని పట్టడం, అమ్మడం, అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడం నేరం. బతికున్నదైనా, ఎండబెట్టిందైనా ఒకటే. “ఇది సముద్రంలో పట్టింది కాదు, ఫారంలో పుట్టింది” అని ఎవరైనా రహస్యంగా అమ్మజూపితే, ఆ మాట నమ్మి ఇంటికి తెచ్చుకున్నవాళ్లే అటవీశాఖకు జవాబు చెప్పుకోవాలి.

జానెడు కూడా ఉండని చేపకు పులితో సమానంగా కాపలా ఎందుకు? సమాధానం 1990లలోని వ్యాపారంలో ఉంది. కెనడాకు చెందిన జీవశాస్త్రవేత్త అమాండా విన్సెంట్ ఆసియా దేశాలు తిరిగి, సముద్రపు గుర్రాల వ్యాపారం మీద 1996లో ఒక నివేదిక వెలువరించారు. ఒక్క 1995లోనే కనీసం 2 కోట్ల సముద్రపు గుర్రాలు చేతులు మారాయని ఆమె అంచనా. వాటిలో ఎక్కువ భాగం అక్వేరియాలకు పోలేదు. ఎండి, సంచుల్లోకెక్కి, చైనా సంప్రదాయ వైద్యంలో మందు దినుసుగా పోయాయి. మన వైపు పాక్ జలసంధి, మన్నారు సింధుశాఖల్లో మునిగి ఏరే జాలరులకు అప్పట్లో అదొక ఆదాయం. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం సైటిస్. 2002లో శాంటియాగోలో జరిగిన దాని సమావేశంలో సముద్రపు గుర్రాల జాతులన్నింటినీ రెండో అనుబంధంలో చేర్చారు. 2004 మే 15 నుంచి అది అమల్లోకి వచ్చింది. అప్పటికే భారతదేశం ఒక అడుగు ముందుకు వేసి పూర్తిగా తలుపు మూసేసింది.

తలుపు మూస్తే అంతా బాగుపడిందా అంటే, లేదు. ట్రాలరు వలకు చట్టం చదవడం రాదు. రొయ్య కోసం అడుగుదాకా ఈడ్చిన వలలో గుర్రాలూ పడతాయి, పైకి వచ్చేసరికి చాలావరకు చచ్చి ఉంటాయి. తీరంలో అమ్మకం ఆపినంత తేలిక కాదు వలను ఆపడం. అయినా ఇంటి తొట్టెల వరకు ఈ నిషేధం సబబే అనిపిస్తుంది. కారణం చట్టపుస్తకంలో కాదు, ఆ చేప ఒంట్లోనే ఉంది.

సముద్రపు గుర్రానికి పళ్లు లేవు, జీర్ణాశయమూ లేదు. గొట్టంలాంటి మూతితో ఆహారాన్ని నీళ్లతో సహా ఒక్క పీల్పులో లాగేస్తుంది. లాగింది పేగులోంచి త్వరత్వరగా బయటికి వెళ్లిపోతుంది. లోపల నిలవ చేసుకునే సంచి లేదు. కాబట్టి పగలంతా తింటూనే ఉండాలి. మిగతా చేపల్లా తోక రెక్కతో దూసుకుపోలేదు. వీపు మీది చిన్న రెక్కను సెకనుకు 35 సార్ల వరకు ఆడిస్తూ అంగుళం అంగుళం జరుగుతుంది. వేటాడి తరమడం దాని వల్ల కాదు. ఏ గడ్డిపోచకో తోక చుట్టి, రెండు కళ్లను రెండు వైపులకు తిప్పుకుంటూ, ఎదురుగా వచ్చినదాన్నే తింటుంది. సముద్రంలో పట్టిన గుర్రానికి కదిలే ఆహారం తప్ప ఏదీ ఆహారంగా తోచదు. తొట్టెలో ఎండు మేత చల్లితే అది కళ్లముందే అడుగుకు చేరుతున్నా చూస్తూ ఊరుకుంటుంది. కొన్నవాడు నాలుగు రోజులు మురిసిపోతాడు, మూడు వారాల్లో అది ఆకలితో పోతుంది. ఒకప్పుడు సముద్రంలోంచి తొట్టెల్లోకి చేరిన గుర్రాల్లో చాలావాటి కథ ఇదే.

దీనికి పరిష్కారం ఫారాల్లో దొరికింది. హవాయి దీవుల్లో కోనా దగ్గర ఓషన్ రైడర్ అనే సంస్థ 1998 నుంచి సముద్రపు గుర్రాలను పొదిగించి పెంచుతోంది. ఆస్ట్రేలియాలో టాస్మానియాలోని బ్యూటీ పాయింట్‌లో సీహార్స్ వరల్డ్ అనేచోట పెంపకాన్ని సందర్శకులకు చూపిస్తారు. ఇలాంటి ఫారాల్లో పుట్టిన పిల్లలకు చిన్నప్పటి నుంచే గడ్డకట్టించిన మైసిస్ రొయ్యలు తినడం అలవాటు చేస్తారు. మైసిస్ అంటే గోరంత పొడవుండే, రొయ్యను పోలిన జీవి. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ల విళింజం కేంద్రం, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ హిప్పోకాంపస్ కూడా అనే జాతిని బందీగా పెంచి చూశాయి. అవి పరిశోధనశాలలు. ఇంటి వరండాకు ఆ అనుమతి లేదు.

చట్టం అనుమతించే దేశాల్లో దీన్ని పెంచేవాళ్లు తొట్టిని ఎలా కడతారో తెలుసుకోవడంలో తప్పులేదు. తెలిస్తే, మన సీమలో ఆ తొట్టి ఎందుకు నిలవదో కూడా అర్థమవుతుంది.

మామూలు చేపల తొట్టి పొడవుగా ఉంటుంది, దీనిది ఎత్తుగా ఉండాలి. తోక చాపినప్పుడు చేప ఎంత పొడవుంటుందో నీళ్ల లోతు దానికి మూడింతలైనా ఉండాలంటారు. జత కట్టే వేళ ఆడదీ మగదీ ఎదురెదురుగా నిలిచి నీళ్లలో పైకి లేస్తాయి. ఆ లేవడంలోనే ఆడది తన గుడ్లను మగదాని పొట్ట ముందున్న సంచిలో పెడుతుంది. లోతు చాలకపోతే గుడ్లు నేలపాలు. నీటి ప్రవాహం మెత్తగా ఉండాలి, అలాగని నిలవనీరు పనికిరాదు. పట్టుకోవడానికి సముద్రపు మొక్కలో, కొమ్మల్లాంటి రాళ్లో కావాలి. ఫిల్టరు నీళ్లు లాగే గొట్టానికి జల్లెడ తొడగకపోతే తోక అందులో ఇరుక్కుంటుంది. ఇక సావాసం సంగతి. కుట్టే అనిమోన్, గిల్లే పీత, చురుకైన చేప ఏదీ పక్కన ఉండకూడదు. చురుకైనది కుట్టకపోయినా చాలు, మేతంతా ముందే మింగేస్తుంది.

60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 60 ఎత్తు ఉన్న తొట్టి అనుకుందాం. నిండా 162 లీటర్లు. నీళ్ల బరువే 160 కిలోలు దాటింది. అద్దం, రాళ్లు, స్టాండు వేరే. సముద్రం దగ్గరలో లేదు కాబట్టి ఉప్పునీళ్లు ఇంట్లోనే కలుపుకోవాలి. లీటరుకు 35 గ్రాముల చొప్పున ఐదున్నర కిలోల పైన సముద్ర లవణ మిశ్రమం పడుతుంది. వంటింటి ఉప్పు కుదరదు. అందులో మెగ్నీషియం, కాల్షియం, బైకార్బొనేట్‌లు ఆ పాళ్లలో ఉండవు. కలిపే నీళ్లు కొళాయివో బోరువో అయితే వాటిలోని క్లోరిన్, ఫ్లోరైడు, నైట్రేట్లు అన్నీ తొట్టెలోకి వస్తాయి, కాబట్టి ఆర్వో నీళ్లు తప్పవు. వారానికి పదో వంతు నీళ్లు మార్చాలంటే ప్రతి వారం 16 లీటర్ల నీళ్లు, అరకిలో పైన ఉప్పు. ఇంకో చిక్కుంది. తొట్టెలోంచి ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గిన మేరకు మళ్లీ ఉప్పునీళ్లే పోస్తూ పోతే నెల తిరిగేసరికి అందులో చేప బతకలేనంత ఉప్పు పేరుకుంటుంది. రోజువారీ లోటును మంచినీళ్లతోనే పూడ్చాలి. కర్నూలు వేసవిలో ఈ లోటు చిన్నదేం కాదు.

వేసవి మాట వచ్చింది కాబట్టి అసలు విషయానికి వద్దాం. ఉష్ణమండలపు సముద్రపు గుర్రాలను తొట్టెల్లో పెంచేవాళ్లు నీళ్లను 22 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచుతారు. సముద్రంలో అవి ఇంతకన్నా వెచ్చని నీళ్లలోనూ బతుకుతాయి. కానీ సముద్రం పెద్దది, తొట్టి చిన్నది. నీళ్లు వేడెక్కితే విబ్రియో అనే బ్యాక్టీరియా చెలరేగి, చర్మం పుండ్లు పడి, తోక తెల్లబడి చేప చచ్చిపోతుంది. ఇక్కడ మే నెలలో పాదరసం 42 దాటడం వార్త కూడా కాదు. మిద్దె ఇళ్లలో అర్ధరాత్రికి కూడా గోడలు సెగ చిమ్ముతుంటాయి.

ఒక్క విషయంలో మాత్రం సీమకు తీరం కన్నా అదృష్టం ఎక్కువ. ఇక్కడి గాలి పొడిది. కుండలో నీళ్లు చల్లబడేదీ, కూలరు పనిచేసేదీ ఆ పొడిగాలి వల్లే. తొట్టి మీదికి చిన్న ఫ్యాను తిప్పి పెడితే నీళ్లు ఆవిరై చల్లబడతాయి. 42 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం ఉంటే, ఆవిరి వల్ల నీళ్లు దిగగలిగే అడుగు హద్దు, అంటే తడిబుడ్డి ఉష్ణోగ్రత, దాదాపు 24. అదే కోస్తాలో 36 డిగ్రీలే ఉన్నా తేమ 65 శాతం ఉంటే ఆ హద్దు 30 దగ్గరే ఆగిపోతుంది. లెక్క వింటే ఆశ పుడుతుంది. కానీ ఆ హద్దును తొట్టి నీళ్లు ఎన్నడూ అందుకోవు. పంపు వేడి, లైటు వేడి, గోడ వేడి ఎప్పటికప్పుడు ఎగదోస్తూనే ఉంటాయి. ఫ్యానుతో రెండు, మూడు డిగ్రీలు దిగితే గొప్ప. మిగిలింది చిల్లరు. అది చిన్న ఫ్రిజ్ యంత్రంలాంటిది, వేసవంతా ఆగకుండా తిరగాలి. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయి, ఇన్వర్టరు ఫ్యానులకూ లైట్లకూ మాత్రమే సరిపోతే? వేడి నీళ్లలో ప్రాణవాయువు నిలవదు కూడా. 20 డిగ్రీల మంచినీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పట్టుకుంటాయి. ఉప్పునీళ్లు ఇంకా తక్కువ.

తిండి సంగతిలో ఆంధ్ర తీరానికి ఒక విశేషం ఉంది. సముద్రపు గుర్రపు పిల్లలకు మొదటి ముద్ద ఆర్టీమియా. ఉప్పు సరస్సుల్లో బతికే, రొయ్యను పోలిన ప్రాణి అది. దాని గుడ్లు ఎండి ఇసుక పొడిలా ఉంటాయి, డబ్బాల్లో ఏళ్లపాటు నిలవ ఉంటాయి. ఉప్పునీళ్లలో వేసి గాలి బుడగలు వదిలితే ఒక్కరోజులో పిల్లలవుతాయి. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక కోస్తాలో రొయ్య పిల్లల హేచరీలు వెల్లువెత్తాయి. ఆ హేచరీల్లో రొయ్యపిల్లలకు పోసేదీ ఇదే ఆర్టీమియా. అమెరికాలో యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ లేక్‌లో ఏరిన గుడ్లు డబ్బాల్లోకెక్కి నెల్లూరు, కాకినాడ తీరాలకు చేరుతుంటాయి. ఈ డబ్బా సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇన్ని లెక్కలూ వేసుకుంటే తేలేది ఒకటే. చట్టం రేపు పోయినా, సీమ ఎండ దీనికి ఒప్పుకోదు. బాగా డబ్బున్నవాళ్లు ఒప్పించగలరేమో గానీ, ఆ ఒప్పందం కరెంటు తీగ చివర వేలాడుతుంటుంది.

విచిత్రమేమిటంటే, ఇదంతా ఒకప్పటి సముద్రపు నేలే. కడప బండ తెలియని ఇల్లు తెలుగునాట ఉండదు. వంటింటి అరుగు, గోడ అలమర అరలు, వాకిలి మెట్లు, ఎక్కడ చూసినా అదే నల్లటి బండ. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు పొరలు పొరలుగా లేచివచ్చే ఆ రాయి, బేతంచెర్ల బండ, చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలకు తిండిపెట్టే సున్నపురాయి, బెలుం గుహలు తొలుచుకున్న రాయి, అన్నీ లోతు తక్కువ సముద్రంలో పేరుకున్న మట్టే. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ కడప, కర్నూలు శిలల మీద రాసిన పెద్ద నివేదికను 1872లో భారత భూగర్భ సర్వే ప్రచురించింది. వేంపల్లె దగ్గరి డోలమైటు రాళ్లలో గుండ్రటి గీతలు ఒకదాని మీద ఒకటి దొంతరలుగా కనిపిస్తాయి. ఇవి స్ట్రొమాటొలైట్లు, సూక్ష్మజీవులు ఆ సముద్రపు అడుగున చాపలా పరుచుకుని కట్టిన మేటలు. వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. అప్పటికి భూమి మీద చేప అనేదే లేదు. దొరికినవాటిలో అతి పాత సముద్రపు గుర్రం శిలాజం స్లొవేనియాలోది, దానికి 1.3 కోట్ల ఏళ్లే. కాబట్టి కడప సముద్రంలో ఏ గుర్రమూ ఈదలేదు. అది కాస్త నిరాశే.

ఆ పాత సముద్రం మాత్రం నేటికీ ఇక్కడి బోరునీళ్లలో కరుగుతోంది. సున్నపురాతి మీదుగా వచ్చిన నీరు కఠినంగా ఉంటుంది. గిన్నెల అడుగున తెల్లటి పొర, కొళాయి మూతికి గార, తలకు సబ్బు పడితే నురగ రాకపోవడం. సముద్రపు గుర్రం సంగతి వదిలేసి, మంచినీళ్ల చేపలతో ఇంటి అక్వేరియం పెట్టేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఈ నీళ్ల స్వభావం. తొట్టెలో అందానికని వాగులోంచి తెచ్చిన రాయి వేసేముందు దాని మీద నాలుగు చుక్కల నిమ్మరసమో వెనిగరో వేసి చూడాలి. సన్నగా బుసబుసమని నురగ వస్తే అది సున్నపురాయి. దాన్ని మెత్తని నీళ్లలో వేస్తే మెల్లమెల్లగా కరిగి నీటి కాఠిన్యాన్నీ పీహెచ్‌నూ పెంచుతుంది. డోలమైటు అయితే ఇంత తేలిగ్గా బయటపడదు. గీకిన పొడి మీద వేస్తేనే నురగ వస్తుంది.

ఇలాంటి నీళ్లలో అమెజాన్ నది చేపలను పెంచబోయి, ఒకటి తర్వాత ఒకటి చచ్చిపోతే, చేతివాసి మంచిది కాదని నెత్తి కొట్టుకునేవాళ్లున్నారు. చేతివాసి కాదు, రాయి. నియాన్ టెట్రాలు, డిస్కస్‌లు మెత్తటి, కొద్దిగా ఆమ్లపు నీళ్లకు పుట్టినవి. గప్పీ, మోలీ, ప్లాటీలకు కఠినజలం హాయి. మోలీ అయితే నెమ్మదిగా అలవాటు చేస్తే ఉప్పునీళ్లలోనూ బతికేస్తుంది. గప్పీలను చిన్నచూపు చూడనక్కర్లేదు, దోమపిల్లలను తింటాయని మలేరియా విభాగం వాళ్లు చెరువుల్లో, తొట్లలో వదిలేది వీటినీ గంబూసియాలనూ. ఇంకాస్త పెద్ద తొట్టి, రంగుల హంగు కావాలంటే ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్‌లు. ఆ సరస్సు నీళ్లు క్షారమైనవి, పీహెచ్ 8 చుట్టూ ఉంటుంది. కడప బండ ముక్కలు గుహల్లా పేర్చి పెడితే వాటికి పుట్టినిల్లే. పదును అంచులు మాత్రం అరగదీయాలి.

అయితే ఈ నీళ్లకు ఒక ప్రమాదపు వైపుంది, దుకాణాల్లో ఎవరూ చెప్పరు. చేప విసర్జించే అమ్మోనియాలో కొంత భాగమే అసలు విషం. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే ఆ విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. క్షారపు నీళ్లూ, సీమ వేసవీ కలిశాయంటే కాస్త మేత ఎక్కువైనా తెల్లారేసరికి చేపలు పైకి తేలతాయి. అందుకే కొత్త తొట్టెలో చేపలు వేసేముందు ఓపిక పట్టాలి. ఫిల్టరు స్పంజిలో రెండు రకాల బ్యాక్టీరియా స్థిరపడాలి. ఒకటి అమ్మోనియాను నైట్రైటుగా, ఇంకొకటి ఆ నైట్రైటును అంత హాని లేని నైట్రేటుగా మారుస్తుంది. ఇందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆదివారం తొట్టి కొని, అదే సాయంత్రం పన్నెండు చేపలు వేసి, బుధవారం దుకాణదారును తిట్టడం మన ఊళ్లలో జరిగే పని. స్పంజిని కొళాయి కింద పెట్టి తెల్లగా కడిగేయడం రెండో తప్పు. క్లోరిన్ తగిలితే ఆ బ్యాక్టీరియా అంతా పోతుంది. తొట్టి నీళ్లలోనే ఒకసారి పిండి తిరిగి పెట్టేయాలి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంటే కరెంటు పోయిన మధ్యాహ్నాలు గడిచిపోతాయి.

మరి దుకాణంలో ఆ పిల్లవాడు అడిగింది పిల్లల్ని మోసే తండ్రి చేపను కదా. సముద్రపు గుర్రంలో మగది సంచిలో గుడ్లను మోసి, జాతిని బట్టి, నీళ్ల వేడిని బట్టి రెండు నుంచి నాలుగు వారాలకు వందల పిల్లలను బయటికి చిమ్ముతుంది. చిమ్మాక వాటి మొహం కూడా చూడదు. పోషణలో అంతకన్నా శ్రద్ధగల తండ్రి ప్రతి దుకాణంలోనూ గాజు గ్లాసులో ఒంటరిగా కూర్చుని ఉంటాడు. అదే ఫైటర్ చేప. కొర్రమీనులాగే దీనికీ గాలి పీల్చుకునే ఏర్పాటుంది, మధ్యమధ్య పైకి వచ్చి గుక్కెడు గాలి మింగి పోతుంది. కరెంటు కోతకు ఇంతకన్నా తగిన చేప లేదు. 24 నుంచి 30 డిగ్రీల నీళ్లు దీనికి సరిపోతాయి. అలాగని గ్లాసులో పెట్టమని కాదు. పది, పదిహేను లీటర్లయినా ఇస్తేనే దాని అసలు రంగు తెలుస్తుంది. కడప బోరునీళ్లు మరీ కఠినమైతే సగం ఆర్వో నీళ్లు కలిపితే చాలు.

గుడ్లు పెట్టించాలంటే జానెడు లోతు నీళ్లుంటే చాలు. పైన ఒక బాదం ఆకు తేలేస్తే మగది దాని కింద నోటితో బుడగ తర్వాత బుడగ ఊది, జిగటగా ఒక నురగ గూడు కడుతుంది. ఆడదాన్ని వదిలాక రెండూ గూటి కింద చుట్టుకుంటాయి. ఆవగింజల కన్నా చిన్న తెల్లటి గుడ్లు రాలతాయి. అవి అడుగుకు చేరేలోపే మగది కిందికి దూకి నోట్లో పట్టుకుని, పైకి వచ్చి ఒక్కొక్కటే బుడగల్లో గుచ్చుతుంది. పని అయ్యాక ఆడదాన్ని తీసేయాలి, లేకపోతే మగది దాన్ని తరిమి చంపేస్తుంది. ఆ తర్వాత మగది తిండి దాదాపు మానేసి కాపలా కాస్తుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పగులుతాయి. తోకలు కిందికి వేలాడేస్తూ పిల్లలు గూటిని పట్టుకుని ఉంటాయి, జారిపడినదాన్ని మళ్లీ నోట్లో తెచ్చి అతికిస్తుంది తండ్రి. ఇంకో రెండు మూడు రోజులకు పిల్లలు అడ్డంగా ఈదడం మొదలెట్టగానే తండ్రినీ వేరు చేయాలి. ఆ దశ దాటాక తనే తినేస్తుందన్న భయం ఉంది.

చేప పెంపకాన్ని ఇంటి ఆదాయంగా చూసేవాళ్లకు ప్రభుత్వ పథకాలూ ఉన్నాయి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్లకు చోటిచ్చారు. వివరాలు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో దొరుకుతాయి. మన దుకాణాల చేపలు చాలావరకు ప్లాస్టిక్ సంచుల్లో ఆక్సిజన్ నింపుకుని చెన్నైలోని కొళత్తూరు లాంటి చోట్ల నుంచి వస్తాయి. ఇక్కడే పుట్టి ఇక్కడి నీళ్లలో పెరిగిన చేపకు ఆ ప్రయాణం బడలిక ఉండదు, నీళ్ల తేడా ఉండదు.

ఈదడం మొదలెట్టిన ఫైటర్ పిల్లలకు మొదటి కొద్దిరోజులు పాచినీళ్లలోని సూక్ష్మజీవులు చాలు. ఆ తర్వాత కావలసింది ఇందాక గుర్తుంచుకోమన్న ఆర్టీమియా డబ్బానే. ఖాళీ రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను తలకిందులుగా నిలబెట్టి, లీటరు నీళ్లలో 25 నుంచి 30 గ్రాముల ఉప్పు, పావు చెంచా గుడ్లు వేసి, అడుగు దాకా ఎయిర్ పంపు గొట్టం దించాలి. అవి పొదగడానికి నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉండాలి. చలిదేశాల్లో అందుకని హీటరు పెడతారు. కర్నూలులో ఫిబ్రవరి దాటితే ఆ ఖర్చు లేదు, వరండాలో నీడపట్టున పెడితే ఒక్కరోజులో నీళ్లు నారింజ రంగుకు తిరుగుతాయి. గాలి ఆపి ఒక పక్క టార్చి వెలుగు చూపిస్తే పిల్లలన్నీ అటు చేరతాయి. గొట్టంతో లాగి, చాయ వడగట్టే గుడ్డలో వడకట్టి, మంచినీళ్లలో ఒకసారి తొలిచి వేయాలి. పెంకులు తొట్టెలోకి పోనివ్వకూడదు, చేపపిల్లల పేగుకు అడ్డం పడతాయి. మిగిలిన గుడ్ల డబ్బా మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఒక్క తడి చెంచా ముంచినా ఆ డబ్బా ఇక పొదగదు.